ఉబుంటులో బయటి మానిటర్ ఉన్నట్టుండి నల్లబడుతోంది, విండోస్‌లో మాత్రం బాగానే ఉంది

మూడోఅంతస్తు · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం అండి. వారం రోజుల నుంచి ఇదే గోల, ఇంక నా వల్ల కాక ఇక్కడ రాస్తున్నాను. లాప్‌టాప్ ఇంటెల్ 12వ తరం, ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్, ఉబుంటు 24.04 లినక్స్. ఇంటి నుంచే పని కాబట్టి కళ్లకి సుఖంగా ఉంటుందని 27 అంగుళాల మానిటర్ కొన్నాను, 2560 బై 1440, 75 హెర్ట్జ్. లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి నేరుగా మానిటర్‌కి కేబుల్, మధ్యలో డాక్ (పోర్టులు పెంచే పెట్టె) లాంటిదేమీ లేదు.

పని చేసుకుంటుంటే ఉన్నట్టుండి మానిటర్ మొత్తం నల్లగా అయిపోయి రెండు సెకన్లకి మళ్లీ వస్తుంది. లాప్‌టాప్ సొంత స్క్రీన్‌కి ఏమీ కాదు. ఒక్కోసారి గంటసేపు ప్రశాంతంగా ఉంటుంది, ఒక్కోసారి పది నిమిషాల్లో నాలుగైదు సార్లు పోతుంది, పొద్దునపూట మరీ ఎక్కువ. అదే లాప్‌టాప్‌లో విండోస్ 11 కూడా ఉంది, అందులో ఇదే మానిటర్, ఇదే కేబుల్, రోజంతా పెట్టి చూశాను, ఒక్కసారి కూడా పోలేదు. అంటే కేబుల్, మానిటర్ రెండూ మంచివే కదా, లినక్స్ డ్రైవర్లోనే ఏదో ఉందనుకుంటున్నాను. మొన్న క్లయింట్‌తో కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తుండగా మూడుసార్లు పోయింది, నాకు మాట తడబడిపోయింది. ఎవరికైనా ఇలా అయి బాగుపడి ఉంటే చెప్పండి.

పాలమూరోడు · శనివారం రాత్రి 10:58

అన్నా ఇది పీఎస్ఆర్ అని స్క్రీన్ కరెంటు మిగిల్చే సెట్టింగ్ ఉంటది, దాని లొల్లి. ఇంటెల్ లాప్‌టాప్‌లల్ల మస్తు మందికి ఉంటది. గ్రబ్ ఫైల్ (బూట్ అయ్యేటప్పటి సెట్టింగ్‌లు ఉండేది) తెరిచి కర్నల్ లైన్ల ఐ915 డాట్ ఎనేబుల్ అండర్‌స్కోర్ పీఎస్ఆర్ ఈక్వల్ టు 0 అని రాసి, అప్‌డేట్ గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చెయ్. నా లాప్‌టాప్ స్క్రీన్ వణుకుతుండె, గిది పెట్టినంక మళ్ల ఒక్కసారి గూడ కాలే.

మూడోఅంతస్తు · ఆదివారం ఉదయం 9:15

థాంక్స్ అన్నా, రాత్రే పెట్టాను. పొద్దున లేచి చూస్తే మళ్లీ అదే, ఎనిమిది లోపే ఆరుసార్లు పోయింది. నెట్‌లో వెతికితే ఇలా కరెంటు ఆదాని ఆపే సెట్టింగ్‌లు ఇంకా చాలా కనిపించాయి, ఎఫ్‌బీసీ 0, ఎనేబుల్ డీసీ 0, సీ స్టేట్ 1, పీసీఐఈ ఏఎస్‌పీఎం ఆఫ్, అన్నీ ఒకేసారి పెట్టేశాను. మానిటర్ అలాగే పోతోంది, పైగా ఇప్పుడు లాప్‌టాప్ వేడెక్కుతోంది, బ్యాటరీ రెండు గంటలు కూడా రావట్లేదు.

కర్నల్‌బాబాయ్ · ఆదివారం ఉదయం 9:50

బాబూ, ముందు ఆ గ్రబ్‌లో రాసినవన్నీ తీసేసి మామూలుగా పెట్టు. అన్నీ ఒకేసారి మారిస్తే రేపు బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలీదు, చెడినా తెలీదు. ఆ సీ స్టేట్ 1 అంటే ప్రాసెసర్‌ని నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టడమే, వేడి, బ్యాటరీ అందుకే.

పీఎస్ఆర్ గురించి ఒక మాట, పాలమూరు తమ్ముడు ఏమీ అనుకోకు. పీఎస్ఆర్ అంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, తెర మీద బొమ్మ మారనప్పుడు లాప్‌టాప్ ప్యానెలే తన దగ్గరున్న మెమరీలోంచి చూపించుకుంటుంది, గ్రాఫిక్స్ చిప్ కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. అది లాప్‌టాప్ లోపలి ప్యానెల్‌కి, అంటే ఈడీపీ కనెక్షన్‌కి సంబంధించిన సంగతి. నీ స్క్రీన్ వణికింది కాబట్టి నీకు పనిచేసింది. ఇక్కడ లోపలి స్క్రీన్ బాగుంది, పోతున్నది హెచ్‌డీఎంఐ మానిటర్. దానికి పీఎస్ఆర్ ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే. ఏఎండీ వాళ్లకి డీసీ డీబగ్ మాస్క్ 0ఎక్స్10 పెట్టమని చెప్తారే, అది కూడా పీఎస్ఆర్ ఆపడానికే, దానికీ ఇదే మాట.

ఫ్లికరింగ్ అని ఒకే పేరు పెట్టేస్తాం గానీ దానికింద నాలుగైదు వేర్వేరు జబ్బులున్నాయి. వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటే ఒక దారి, గీతలు వస్తే ఒక దారి, నీలా మొత్తం పోయి వస్తే ఇంకో దారి. ఏ జబ్బో తెలీకుండా మందులు వెయ్యొద్దు. కాబట్టి ఇవి చూసి చెప్పు: నల్లబడి తిరిగి వచ్చేటప్పుడు మానిటర్ మూలన హెచ్‌డీఎంఐ 1 అనో ఏదో అక్షరాలు వస్తున్నాయా? మానిటర్ సొంత మెనూ తెరిచి ఉంచినప్పుడు పోతే ఆ మెనూ కూడా పోతోందా? స్క్రీన్ రికార్డింగ్ పెట్టి ఉంచు, పోయినప్పుడు ఆ రికార్డింగ్‌లో కూడా నల్లగా పడిందా? ఇంకా ఒక టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ మైనస్ కే మైనస్ ఎఫ్ (కర్నల్ రాసుకునే లాగ్), ఇంకో టెర్మినల్‌లో యుడెవ్‌ఏడీఎం మానిటర్ అనే కమాండ్ (ఏ పరికరం తగిలిందో, ఊడిందో చూపించేది) నడుస్తూ వదిలెయ్, లాప్‌టాప్ స్క్రీన్ మీద పెట్టుకో అవి. మానిటర్ పోయిన క్షణంలో వాటిల్లో కొత్త లైన్ ఏదైనా పడిందేమో చూడు. కేబుల్ ఎంత పొడవు, ఎక్కడిది, అది కూడా చెప్పు.

పాలమూరోడు · ఆదివారం ఉదయం 10:05

లే బాబాయ్, నేనేమనుకుంట. నాకు గా తేడా ఎర్కలే, నాకు సెట్ అయింది గదా అని చెప్పిన. మూడోఅంతస్తు అన్నా, నీకు ఒక రాత్రి దండగైంది, సారీ.

డాక్‌తో_తంటా · ఆదివారం ఉదయం 10:30

సేమ్ ప్రాబ్లమ్ ఇక్కడ కూడా! బెంగళూరు నుంచి. నాది టైప్ సీ డాక్, 4కే మానిటర్, 60 పెడితే అసలు నిలబడట్లేదు, వస్తుంది పోతుంది, 30 పెడితే ఓకే, కానీ 30లో మౌస్ కదిలిస్తుంటే తల తిరుగుతోంది.

మోడరేటర్_రాయలు · ఆదివారం ఉదయం 10:41

మీది వేరే సంగతిలా ఉందండి, ఇందులో కలిపితే రెండూ పాడవుతాయి. బాబాయ్ ఇక్కడే ఒక ముక్క చెప్తే చెప్పనివ్వండి, ఆ పైన మాట్లాడాల్సింది ఉంటే కొత్త టాపిక్ తెరవండి.

కర్నల్‌బాబాయ్ · ఆదివారం ఉదయం 11:20

డాక్ అబ్బాయికి లెక్క చెప్పేస్తా, లెక్కే కాబట్టి తొందరగా అయిపోతుంది. టైప్ సీలో డిస్‌ప్లేపోర్ట్ వెళ్లడానికి నాలుగు లేన్లు, అంటే డేటా పోయే దారులు ఉంటాయి. డాక్‌లో యూఎస్‌బీ 3 స్పీడు కూడా కావాలంటే రెండు లేన్లు దానికి పోయి రెండే మానిటర్‌కి మిగులుతాయి. హెచ్‌బీఆర్2 అనే స్పీడులో లేన్‌కి 5.4 గిగాబిట్లు, అందులో ప్రతి పది బిట్లకి ఎనిమిదే అసలు సరుకు, కాబట్టి రెండు లేన్లకి కలిపి 8.64. 4కే 60కి 8 బిట్ రంగులతో కావాల్సింది సుమారు 12.8. పట్టదు. అందుకే 30 దగ్గర ఆగుతుంది. లాప్‌టాప్, డాక్ రెండూ హెచ్‌బీఆర్3 అంటే లేన్‌కి 8.1 చేయగలిగితే రెండు లేన్లకి 12.96 వస్తుంది, అంటే అంచు మీద పడుతుంది, కాస్త కేబుల్ తేడా ఉన్నా వస్తూ పోతూ ఉంటుంది. నీది సరిగ్గా ఇదే అనిపిస్తోంది. నీ లాప్‌టాప్‌కి ఇంకో టైప్ సీ పోర్టు ఉంటే మానిటర్‌ని డాక్‌లోంచి తీసి టైప్ సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో నేరుగా పెట్టు, నాలుగు లేన్లూ దానికే వస్తాయి.

మూడోఅంతస్తు · ఆదివారం సాయంత్రం 7:35

బాబాయ్ గారూ, గ్రబ్ మామూలుగా పెట్టేశాను, మీరు చెప్పినవన్నీ చూశాను.

నల్లబడి తిరిగి వచ్చేటప్పుడు ప్రతిసారీ పైన ఎడమ మూలన హెచ్‌డీఎంఐ 1, 2560 బై 1440 అని చిన్న పెట్టె వస్తోంది, కొత్తగా కేబుల్ పెట్టినప్పుడు వచ్చేదే. మెనూ తెరిచి ఉంచితే అది కూడా పోయింది. స్క్రీన్ రికార్డింగ్‌లో మాత్రం ఏమీ లేదు, బొమ్మ నిక్షేపంగా ఉంది, నేను నోటితో ఇప్పుడు పోయింది అని చెప్పడం కూడా అందులో వినిపిస్తోంది కానీ బొమ్మ కదల్లేదు. జర్నల్‌లో ఒక్క లైన్ కూడా పడలేదు, యుడెవ్‌లోనూ లేదు. కేబుల్ 5 మీటర్లది, పాత ఇంట్లో టీవీ గోడకి ఉంటే దానికోసం ఎప్పుడో కొన్నది, నాలుగైదేళ్లు అయ్యుంటుంది, దాని మీద ఏమీ రాసి లేదు. పొడవు ఎక్కువై టేబుల్ వెనకాల చుట్టగా చుట్టి పెట్టాను. కానీ మళ్లీ అంటున్నాను, విండోస్‌లో ఇదే కేబుల్ అండి.

కర్నల్‌బాబాయ్ · ఆదివారం రాత్రి 8:10

బాగా చూశావు, సగం పని అయిపోయింది.

రికార్డింగ్‌లో లేదంటే సిస్టమ్ బొమ్మ సరిగ్గానే తయారుచేస్తోంది, డెస్క్‌టాప్ తప్పు కాదు. యుడెవ్‌లో హాట్‌ప్లగ్ పడలేదంటే లాప్‌టాప్ దృష్టిలో మానిటర్ ఎప్పుడూ ఊడిపోలేదు, అది పంపుతూనే ఉంది. జర్నల్‌లో ఫిఫో అండర్‌రన్ అనే మాట లేదంటే గ్రాఫిక్స్ చిప్‌కి మెమరీలోంచి డేటా అందకపోవడం కూడా కాదు. మూలన ఆ పెట్టె వచ్చిందంటే మానిటర్ తనకి వస్తున్న సిగ్నల్‌ని పోగొట్టుకుని మళ్లీ పట్టుకుంటోంది. పంపేవాడు పంపుతున్నాడు, అందుకునేవాడికి మధ్యలో అందట్లేదు. ఈ రెండిటి మధ్య ఉన్నది ఏంటి? ఆ 5 మీటర్ల తీగే.

ఇప్పుడు నీ విండోస్ ప్రశ్న. అది చాలా మంచి ప్రశ్న, చాలామంది అక్కడే ఆగిపోతారు. అదే తీగ మీద రెండు సిస్టమ్‌లూ ఒకే బరువు వేస్తున్నాయా లేదా అన్నది చూడాలి. విండోస్‌లోకి వెళ్లి సెట్టింగ్స్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేట్, బిట్ డెప్త్ ఎంత ఉన్నాయో రాసుకురా. ఉబుంటులో సూడోతో సిస్, కర్నల్, డీబగ్, డీఆర్ఐ, 0 ఫోల్డర్‌లో ఐ915 డిస్‌ప్లే ఇన్ఫో అనే ఫైల్ ఉంటుంది, క్యాట్ కొట్టు, కొన్నింట్లో 0 బదులు 1 ఉంటుంది. హెచ్‌డీఎంఐ నడుస్తున్న పైప్ దగ్గర బీపీపీ (ఒక్కో చుక్క రంగుకి వాడే బిట్లు) ఈక్వల్ టు ఎంతో చెప్పు.

మూడోఅంతస్తు · ఆదివారం రాత్రి 9:02

విండోస్: 60 హెర్ట్జ్, 8 బిట్.
ఉబుంటు: 75 హెర్ట్జ్, బీపీపీ 30.

75 నేనే పెట్టుకున్నాను ఉబుంటులో, డబ్బులు పెట్టి కొన్నాం కదా అని. విండోస్‌లో అసలు ఆ సెట్టింగ్ జోలికి వెళ్లలేదు, ఎప్పుడో గానీ తెరవను.

కర్నల్‌బాబాయ్ · ఆదివారం రాత్రి 9:40

అదిగో. బీపీపీ 30 అంటే ఒక్కో రంగుకి 10 బిట్లు, ఎరుపు ఆకుపచ్చ నీలం కలిపి 30. విండోస్ 8 చొప్పున 24 పంపుతోంది. నీ మానిటర్ తన ఈడీఐడీలో, అంటే తన గురించి తాను చెప్పుకునే చిట్టాలో, 10 బిట్లు తీసుకోగలనని చెప్పి ఉంటుంది. ఇంటెల్ లినక్స్ డ్రైవర్ మానిటర్ ఎంత తీసుకోగలనంటే అంత ఇవ్వడానికి చూస్తుంది, నిన్ను అడగదు.

ఇప్పుడు తీగ మీద బరువు చూడు. 2560 బై 1440, 60 హెర్ట్జ్‌కి క్లాక్, అంటే తీగ మీద చుక్కలు వెళ్లే వేగం, 241.5 మెగాహెర్ట్జ్. విండోస్ వేస్తున్నది అంతే. 75కి అది 300 చిల్లర అవుతుంది. 10 బిట్లు అయ్యేసరికి దాన్ని 1.25తో హెచ్చించాలి, 375 దాటింది. హెచ్‌డీఎంఐ 1.4 నాటి హద్దు 340. 2013లో 2.0 వచ్చాక 600 దాకా వెళ్లనిచ్చారు గానీ 340 దాటిన దగ్గర నుంచి స్క్రాంబ్లింగ్ అనే వేరే పద్ధతిలో పంపాలి, తీగ కూడా దానికి తగ్గది అయ్యుండాలి. నీ పాత తీగ 340 లోపు పనికి సరిపోయేది, అదీ 5 మీటర్లు. విండోస్ దాన్ని చదును రోడ్డు మీద నడిపిస్తోంది, ఉబుంటు ఘాటు ఎక్కిస్తోంది. విండోస్‌లో బాగుండడం వల్ల తీగ మంచిదని కాదు, 241 దగ్గర మంచిదని మాత్రమే తెలిసింది.

ఇది నా ఊహే, రుజువు చెయ్యాలి. ఇప్పుడు ఒక్కటే మార్చు. ఉబుంటు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలో 60 పెట్టు. 10 బిట్లు ఉన్నా సరే 241.5 ఇంటూ 1.25 అంటే 302, 340 లోపే. రెండు రోజులు అలాగే వాడు. ఇంకేమీ ముట్టుకోకు.

తీగలపని · ఆదివారం రాత్రి 10:15

గుంటూరు నుంచండి, నేను ఎలక్ట్రికల్ డిప్లొమా, ఇళ్ల వైరింగ్ పని చేస్తాను, లినక్స్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. కర్నల్ గారి లెక్క బాగుంది. నాకు మీ మొదటి మెసేజ్‌లో పొద్దునపూట ఎక్కువ అన్న మాట దగ్గర అనుమానం వచ్చింది. పొద్దున ఏ టైములో? ఆ టైములో ఇంట్లో ఏం నడుస్తుంటుంది, మిక్సీ, గీజరు, మోటారు? ఇంకోటి, చార్జర్ పెట్టి ఉన్నప్పుడు లాప్‌టాప్ మెటల్ భాగం మీద చెయ్యి పెడితే జిల్లుమని అంటుందా?

మూడోఅంతస్తు · ఆదివారం రాత్రి 10:31

అంటుందండీ! మీకెలా తెలిసింది? చిన్నగా చీమ పాకినట్టు ఉంటుంది, ముంజేతికి బాగా తెలుస్తుంది. చార్జర్ తీసేస్తే ఉండదు.

పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదింబావు దాకా వంటింట్లో మిక్సీ నడుస్తుంది, చట్నీ, తర్వాత మధ్యాహ్నం కూరకి మసాలా. నా టేబుల్ గోడకి అవతల వంటిల్లే. అద్దె ఇల్లు, మియాపూర్. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి పెట్టుకున్నాను, దాని ప్లగ్గు రెండు పిన్నులదే.

తీగలపని · ఆదివారం రాత్రి 11:05

అదే అనుకున్నాను. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్‌లు ఉంటాయండి, తిరిగేటప్పుడు అవి కమ్యుటేటర్‌తో రాసుకుని నిప్పురవ్వలు వస్తాయి, చీకట్లో చూస్తే కింద గాలి కంతల్లోంచి కనబడతాయి కూడా. ఒక్కో రవ్వా ఒక చిన్న రేడియో స్టేషన్ లాంటిది, ఆ గోల కరెంటు తీగల్లోనూ పోతుంది, గాల్లోనూ పోతుంది. మీ 5 మీటర్ల కేబుల్ చుట్ట చుట్టి గోడ పక్కనే ఉంది. మంచి కేబుల్‌కి చుట్టూ అల్లిన షీల్డ్ ఆ గోలని లోపలికి రానివ్వదు, నాసి రకంలో ఆ అల్లిక పల్చగా ఉంటుంది.

ఆ చీమ పాకినట్టు అనిపించేది ఎందుకంటే, చార్జర్ లోపల గోలని అణచడానికి ఇటు కరెంటు వైపుకీ అటు లాప్‌టాప్ వైపుకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ పెడతారు, దాని ద్వారా బహు కొద్ది కరెంటు వస్తుంది. మూడో పిన్ను ఎర్త్‌కి కలిసి ఉంటే అది భూమిలోకి పోతుంది. కలవకపోతే లాప్‌టాప్ బాడీ మీద కూర్చుంటుంది. మీ బాక్స్‌కి రెండే పిన్నులు కాబట్టి మూడు పిన్నుల చార్జర్ పెట్టినా ఎర్త్ లేనట్టే. గోడ సాకెట్‌లోనైనా ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి, చాలా అద్దె ఇళ్లలో మూడో కన్నం పేరుకి ఉంటుంది, వెనక తీగే ఉండదు. దయచేసి మీరు సాకెట్లు విప్పకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మానిటర్ సంగతి ఎలా ఉన్నా, గీజరు ఉన్న ఇంట్లో ఎర్త్ లేకపోతే ప్రాణానికే ప్రమాదం, పిల్లలుంటే ఇంకానూ.

డాలస్_నుంచి · సోమవారం తెల్లవారుజామున 4:20

ఇది చదువుతుంటే నాది గుర్తొచ్చి రాస్తున్నా. మేము డాలస్‌లో ఉంటాం, పోయిన చలికాలం నా మానిటర్ సరిగ్గా ఇలాగే పోయేది, అదీ నేను కుర్చీలోంచి లేచినప్పుడు! మా ఆయన నమ్మలేదు, పది సార్లు లేచి కూర్చుని చూపించాను, ఏడు సార్లు పోయింది. ఆ గ్యాస్ లిఫ్ట్ కుర్చీలు ఉంటాయి చూడండి, పైకీ కిందకీ అయ్యేవి, మనం లేచినప్పుడు వాటిల్లో పుట్టిన స్టాటిక్ ఒక్కసారిగా డిశ్చార్జ్ అయ్యి దాని గోల వీడియో కేబుల్‌కి తగులుతుందట. హీటర్ వేసుకుని గాలి పొడిగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. నేను కేబుల్ మార్చాను, రెండు చివర్లా ఆ గోలని అణిచే ఫెర్రైట్ గుండ్లు ఉన్న పొట్టిది తీసుకున్నాను, ఆ సమస్య పోయింది. నాది ఫెడోరా లినక్స్, అప్పటిదాకా మూడు కర్నల్‌లు మార్చి చూశాను.

పాలమూరోడు · సోమవారం ఉదయం 7:50

కుర్చీల నుంచి లేస్తె మానిటర్ పోవుడా! అక్కా గిది నేనెన్నడు వినలే. మా ఆఫీసుల ఒకామెకి గిట్లనే అయితది, అందరు ఆమెకే ఎందుకైతదో అనుకుంటుంటరు, ఇయ్యాల పోయి కుర్చీ చూస్త.

మూడోఅంతస్తు · బుధవారం ఉదయం 8:40

రెండు రోజులు 60లో ఉంచాను. సోమవారం సున్నా. మంగళవారం ఒక్కసారి, అదీ ఏడూ నలభైకి మిక్సీ నడుస్తున్నప్పుడే. ఈరోజు ఇప్పటిదాకా సున్నా, మిక్సీ అయిపోయింది కూడా. ముందు రోజుకి పది పదిహేను సార్లు పోయేది. బాబాయ్ గారూ మీ లెక్క కరెక్ట్ అండి.

నిన్న ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు, నా గదిలో మూడో కన్నం వెనక తీగ అసలు కలపలేదు, ఊరికే వేలాడుతోంది. వంటింట్లో మాత్రం ఉంది. ఇంటి ఓనర్‌కి ఫోన్ చేస్తే ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదే అన్నారు, కానీ పాపం వెంటనే ఒప్పుకున్నారు. గదికి ఎర్త్ తీగ లాగించాం. కింద ఎర్తింగ్ గుంతలో కూడా నీళ్లు పోసి చాలా కాలమైందట, ఉప్పు, బొగ్గు వేసి తడిపాడు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మూడు పిన్నులది మార్చాను. లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే ఇప్పుడు ఏమీ లేదు. తీగలపని గారూ, ఏడాదిన్నర నుంచి అలా జిల్లుమంటూనే ఉంది, మామూలే అనుకున్నాను, మా పాప కూడా దాని మీద చెయ్యి పెట్టేది. మీకు చాలా రుణపడి ఉన్నాను.

75 వదులుకోవాల్సిందేనా, ఇంకేదైనా చేయొచ్చా?

కర్నల్‌బాబాయ్ · బుధవారం ఉదయం 9:30

వదులుకోనక్కర్లేదు. అసలు మందు కొత్త కేబుల్, కానీ కొనేముందు ఇంకో రుజువు చూద్దాం, ఖర్చు లేనిదే. 75 మళ్లీ పెట్టి, రంగుని 8 బిట్లకి దింపు. క్లాక్ 300 చిల్లర దగ్గర ఉంటుంది, 340 లోపే. డిస్‌ప్లే సెట్టింగ్‌లు మార్చే ఎక్స్‌ర్యాండర్ కమాండ్ ఇలా కొట్టు: ఎక్స్‌ర్యాండర్ మైనస్ మైనస్ అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ మైనస్ 1, మైనస్ మైనస్ సెట్, కొటేషన్‌లో మ్యాక్స్ బీపీసీ, తర్వాత 8. మ్యాక్స్ బీపీసీ అంటే ఒక్కో రంగుకి గరిష్ఠంగా ఎన్ని బిట్లో అని, మ్యాక్స్‌కీ బీపీసీకీ మధ్య ఖాళీ ఉండాలి, కొటేషన్ మర్చిపోకు.

మూడోఅంతస్తు · బుధవారం మధ్యాహ్నం 1:10

ఎర్రర్ వస్తోంది బాబాయ్ గారూ, అలాంటి ప్రాపర్టీ లేదంటోంది. పేరు కరెక్ట్‌గానే కొట్టాను, మూడు సార్లు చూసుకున్నాను.

కర్నల్‌బాబాయ్ · బుధవారం మధ్యాహ్నం 1:25

నాదే పొరపాటు, ముందే చెప్పాల్సింది. ఎకో డాలర్ ఎక్స్‌డీజీ సెషన్ టైప్ కొడితే వేలాండ్ అని వస్తుంది చూడు, తెర మీద బొమ్మని నడిపే కొత్త పద్ధతి అది, పాతది ఎక్సార్గ్. వేలాండ్‌లో ఎక్స్‌ర్యాండర్‌కి అసలు హార్డ్‌వేర్ చేతికి అందదు, దానికోసం పెట్టిన ఒక బొమ్మ డిస్‌ప్లేతో మాట్లాడుతుంది. లాగౌట్ అయ్యి, పాస్‌వర్డ్ అడిగే చోట కింద కుడివైపు గేర్ గుర్తు ఉంటుంది, అందులో ఉబుంటు ఆన్ ఎక్సార్గ్ ఎంచుకుని లాగిన్ అవ్వు. 24.04లో అది ఉంది. ఉబుంటు 25.10 నుంచి ఆ సెషన్ తీసేశారు కాబట్టి కొత్త వెర్షన్‌లో ఉన్నవాళ్లకి ఈ దారి దొరకదు.

మూడోఅంతస్తు · గురువారం రాత్రి 9:15

ఎక్సార్గ్‌లో పెట్టాను, ఈసారి తీసుకుంది. బీపీపీ 24 అని చూపిస్తోంది. 75 హెర్ట్జ్‌లో నిన్న సాయంత్రం నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పోలేదు, పొద్దున మిక్సీ పూర్తిగా నడిచింది, నేను పక్కనే కూర్చుని మానిటర్ వైపే చూస్తున్నాను, కదల్లేదు. రంగుల్లో నాకు తేడా ఏమీ కనబడలేదు.

శనివారం సికింద్రాబాద్ వెళ్తున్నాను, సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కేబుల్ తీసుకుంటాను. ఏం చూసి కొనాలి?

తీగలపని · గురువారం రాత్రి 9:40

పొడవు ఎంత కావాలో టేప్ పెట్టి కొలిచి వెళ్లండి, అంతకన్నా ఒక జానెడు ఎక్కువ చాలు. చుట్ట చుట్టే పొడవు వద్దు. రెండు మీటర్ల లోపైతే మంచిది.

కర్నల్‌బాబాయ్ · గురువారం రాత్రి 9:55

ప్యాకెట్ మీద 4కే, 8కే అని ఎవరైనా అచ్చేసుకోవచ్చు, దాన్ని నమ్మకు. ప్రీమియం హై స్పీడ్ అని లేబుల్ ఉండి, దాని మీద స్కాన్ చేసే కోడ్ ఉంటుంది, ఫోన్‌తో స్కాన్ చేస్తే సర్టిఫై అయిందో లేదో చెప్తుంది. అది 18 గిగాబిట్లకి పరీక్షించిన కేబుల్, నీకు కావాల్సింది 11 చిల్లర, బోలెడు ఖాళీ. అల్ట్రా హై స్పీడ్ అని ఇంకోటి ఉంటుంది, 48 గిగాబిట్లది, నీకు అవసరం లేదు, అదే ధరకి వస్తే తీసుకో. బంగారు పూత, నైలాన్ అల్లిక, ఇవి చూసి డబ్బులు ఎక్కువ పెట్టకు.

ఆ మానిటర్ మెనూలో అడాప్టివ్ సింక్ (బొమ్మ వేగాన్ని బట్టి రిఫ్రెష్ రేట్ మార్చుకునేది) అని ఉంటే ప్రస్తుతానికి ఆఫ్‌లో ఉంచు. నీ జబ్బుకి దానికీ సంబంధం లేదు గానీ, అది ఆన్‌లో ఉంటే కొన్ని ప్యానెళ్లలో వెలుగు కొట్టుకుంటుంది, మళ్లీ పాతదే వచ్చిందేమో అని కంగారు పడతావు.

డాక్‌తో_తంటా · శుక్రవారం ఉదయం 11:00

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, ఒక్క మాట చెప్పి వెళ్తాను. మానిటర్ డాక్‌లోంచి తీసి రెండో టైప్ సీ పోర్టు నుంచి నేరుగా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టాను. 4కే 60 రాయిలా నిలబడింది, నాలుగు రోజులైంది. డాక్‌కి కీబోర్డు, నెట్, హార్డ్ డిస్క్ మాత్రమే ఉంచాను. బాబాయ్‌కి థాంక్స్.

మూడోఅంతస్తు · తర్వాతి బుధవారం రాత్రి 10:20

ఆలస్యమైంది, బాగా పరీక్షించి రాద్దామని ఆగాను. శనివారం 1.5 మీటర్ల కేబుల్ తీసుకున్నాను, షాపులోనే కోడ్ స్కాన్ చేసి చూశాను, మొదట ఇచ్చినదానికి లేబులే లేదు, రెండోదానికి ఉంది. తిరిగి వేలాండ్‌లోకే వచ్చేశాను, 75 హెర్ట్జ్, బీపీపీ 30, అంటే మొదట పోతున్నప్పుడు ఉన్న సెట్టింగే, కావాలనే అలా పెట్టాను. నాలుగున్నర రోజులు, మిక్సీ రోజూ నడిచింది, ఆదివారం గారెల పిండి కూడా రుబ్బారు, ఒక్కసారి కూడా పోలేదు.

ఇంకో పని కూడా చేశాను. పాత 5 మీటర్ల కేబుల్‌ని ఎర్త్ బాగుచేశాక మళ్లీ ఒక పూట 75లో 10 బిట్లతో పెట్టి చూశాను, ఎర్త్ వల్లే బాగుపడిందేమో తెలుసుకుందామని. పొద్దున గంటలో రెండు సార్లు పోయింది. ముందుకన్నా తక్కువే, కానీ పోయింది. కాబట్టి అసలు దోషం కేబుల్‌దే, ఎర్త్ దానికి తోడైంది.

గ్రబ్‌లో పెట్టినవి ఏమైనా మిగిలాయేమో అని క్యాట్ స్లాష్ ప్రాక్ స్లాష్ సీఎండీలైన్ కొట్టి చూశాను, క్వయెట్ స్ప్లాష్ తప్ప ఏమీ లేవు. బ్యాటరీ మళ్లీ ఐదు గంటలు వస్తోంది.

పాలమూరోడు · తర్వాతి బుధవారం రాత్రి 10:45

సూపర్ అన్నా. మా ఆఫీసుల ఆమె కుర్చీ మార్చి కూసున్నది, రెండు దినాలాయె, మానిటర్ పోతలేదు. ఆ పాత కుర్చీల ఇప్పుడు నేను కూసుంటున్న, లేసినప్పుడు నా మానిటర్ పోతున్నది. రేపు నేను గూడ మంచి కేబుల్ తెచ్చుకుంట.

మోడరేటర్_రాయలు · గురువారం ఉదయం 8:05

పరిష్కారమైంది అని గుర్తు పెట్టాను. బీపీపీ చూసే పద్ధతి, మ్యాక్స్ బీపీసీ కమాండ్ రెండూ పైన పిన్ చేస్తున్నాను. తీగలపని గారూ, ఎర్తింగ్ గురించి విడిగా ఒక టాపిక్ రాయగలరా? ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

తీగలపని · గురువారం ఉదయం 8:30

తప్పకుండా అండి. ఈ ఆదివారం కూర్చుని రాస్తాను, ఫోటోలు కూడా పెడతాను.